కారణం అడగకూడదు

ఫిబ్రవరి 17, సోమవారం

నా బల్లను ప్రింటర్ పక్కకి మార్చారు.

"అక్కడైతే మీకు ప్రశాంతంగా ఉంటుందండీ," అంది మేడం. ఆ ప్రింటర్ కాగితం మింగేటప్పుడు ముసలి ఎద్దులా మూలుగుతుంది. ఇద్దరం ఒకరికొకరం తోడు.

కొత్త హోదా సలహాదారు. ఓడిన రాజుల చరిత్రలు అలమార నిండా చదివాను. వెనకటికి తల తీసేవాళ్ళు. ఇప్పుడు తల ఉంచేసి, ఎవరూ వచ్చి అడగని చోట కూర్చోబెడుతున్నారు.

నా కుర్చీలో మా అల్లుడు కూర్చున్నాడు. రిలీజ్ హెడ్ అట. రిలీజ్ అంటే బటన్ నొక్కడం అనుకుంటూ మా ఆఫీసుకి వచ్చినవాడు. కొత్త వెర్షన్ ఏ రోజు పంపాలి, ఏ వేళ పంపాలి, ముందుగా ఎవరి చెవిన వెయ్యాలి, చెడితే ఏ దారిన వెనక్కి రావాలి, అన్నీ వేలు పట్టుకుని దిద్దించినట్టు నేర్పాను. ఇంటికి తెచ్చి అన్నం పెట్టాను. పిల్లనిచ్చాను. ఏకై వచ్చాడు, మేకై కూర్చున్నాడు.

అదీ పర్లేదు. కుర్చీ ఎవరికీ శాశ్వతం కాదు. కానీ ఈ సంగతి వాడికీ మా అమ్మాయికీ వారం ముందే తెలుసు. ఆ వారంలో నేను వాళ్ళింట్లో భోంచేశాను. ఇంకొంచెం వేసుకో నాన్నా అంది. వేసుకున్నాను. ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పలేదు.

బాధేం లేదు. గుర్తు పెట్టుకుంటున్నానంతే.

ఫిబ్రవరి 18

నా చేతిలో ఇంకా ఒకటి మిగిలింది. గురువారం గుండ్రబల్ల దగ్గర చోటు.

మా సాఫ్ట్‌వేర్ ఆసుపత్రి వార్డుల్లో నడుస్తుంది. ఏ మంచానికి ఏ మందు ఏ వేళకి ఇవ్వాలో తెర మీద చూపిస్తుంది. ఇచ్చాక నర్సు "ఇచ్చాను" అని నొక్కితే ఆ మందు తెర మీంచి పోతుంది. అంతే దాని పని, కానీ తప్పడానికి వీల్లేని పని. అందుకే ఏ కొత్త వెర్షనైనా బయటికి వెళ్ళే ముందు గురువారం అందరం బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒక్కొక్కరూ వరసగా "సరే" అనాలి. ఎవరైనా సరే "ఆగండి" అంటే ఆ వారానికి ఆగిపోవాలి. మర్నాటిదాకా వాళ్ళని కారణం అడగకూడదు.

ఆ రూల్ పెట్టింది నేను. అనుమానం ముందు పుడుతుంది, కారణం తర్వాత మెల్లగా నడిచి వస్తుంది. వెంటనే కారణం చెప్పమంటే చిన్న ఉద్యోగి నోరు మూసుకుంటాడు. మూసుకున్న నోళ్ళ వల్ల ఏమవుతుందో ఒకసారి చూశాక పెట్టాను. ఈ కంపెనీలో నా పేరు చెప్పుకోవడానికి ఏదైనా మిగిలితే అదే మిగలాలి.

ఫిబ్రవరి 20, గురువారం

బల్ల చుట్టూ మామూలు మొహాలే. మేడం. అల్లుడు. సర్వర్లు చూసుకునే ఆయన, అందరూ బావ అంటారు, ఎవరికి బావో ఎవరికీ తెలియదు. టెస్టింగ్ చేసే పిల్ల, నేను మనసులో పిచ్చుక అంటాను, గొంతు అంతే ఉంటుంది.

మేడం సరే. బావ సరే. పిచ్చుక సరే.

"మావయ్యా, మీరు?" అన్నాడు అల్లుడు. ఆఫీసులో ఆ పిలుపు వద్దని చెప్పి చెప్పి నా నోరు అరిగింది.

"ఆగండి," అన్నాను.

వాడు నోరు తెరిచి, రూల్ గుర్తొచ్చి, మూసుకున్నాడు. ఆ మూసుకోవడం చూడటానికి చాలా బాగుంది.

"రూలంటే రూలే. పదండి, టీ చల్లారిపోతుంది," అన్నాడు బావ.

ఫిబ్రవరి 21

కారణం అడిగారు. వార్డులకి పంపే నోటీసులో అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయన్నాను. నిజంగానే చిన్నవి. అల్లుడు తల ఊపి, "మంచి మాట. పెద్దవి చేయిస్తాను మావయ్యా," అన్నాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకోని మనిషిని నేను నమ్మను.

ఫిబ్రవరి 27, గురువారం

ఇవాళా ఆగండి అన్నాను.

పిచ్చుక నా వైపు అదోలా చూసింది. అల్లుడు కాగితాలు సర్దుకుని లేచిపోయాడు. మేడం పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టింది.

సాయంత్రం అమ్మాయి ఫోను.

"నాన్నా, నీకు ఆయన మీద కోపముంటే ఇంటికొచ్చి తిట్టిపో. ఆసుపత్రివాళ్ళు నీకేం చేశారు?"

"వాళ్ళని నేనేమన్నాను?"

"ఏ మందుకి ఏ మందు పడదో ఈ కొత్త వెర్షన్ ముందే హెచ్చరిస్తుందటగా. నర్సులు రోజూ ఫోన్ చేసి ఎప్పుడొస్తుందని అడుగుతున్నారట."

"హెచ్చరిస్తుందట కాదు, హెచ్చరిస్తుంది. ఆ ఆలోచన ఎవరిదనుకున్నావ్? నాది."

"మరి నీ పిల్లని నువ్వే గుమ్మం దాటనివ్వవేం?"

నాకు తిక్క రేగింది. కుక్కర్ విజిలేస్తోందని చెప్పి పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఫిబ్రవరి 28

ఇవాళ కారణం అడిగితే, మనసుకి పట్టలేదన్నాను. మేడం చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టింది. తర్వాత, "ఇకమీదట ఆగండి అన్నవాళ్ళు అప్పటికప్పుడే కారణం చెప్పాలి. ఇంకో మాట, బల్ల దగ్గరికి పని చేసేవాళ్ళు వస్తే చాలు," అంది.

పిచ్చుక చెయ్యెత్తింది. "మేడం, ఆ రూల్ వల్లే కదండీ పోయినేడాది నేను... అప్పుడు నాకు కారణం తెలీదు. అయినా ఆపగలిగాను. తర్వాత చూస్తే నిజంగానే తప్పుంది."

"తెలుసమ్మా. ఇప్పుడేం చెయ్యమంటావ్?" అని మేడం నా వైపు చూసింది.

అందరూ నా వైపే చూశారు. నేను ప్రింటర్ వైపు చూశాను.

రూల్ పోయింది. నా చోటూ పోయింది. ఇక వాళ్ళ ఖర్మ.

మార్చి 3, సోమవారం

పనేమీ లేదు కదా. ఎవరో రిలీజ్ రిహార్సల్ వివరాలు ప్రింట్ తీసి, పట్టుకెళ్ళడం మర్చిపోయారు. చదివాను. అచ్చులో ఏది కనబడినా చదవకుండా ఉండలేను, పొట్లం కట్టిన కాగితమైనా సరే.

ఆదివారం కొత్త వెర్షన్ పంపుతారు. మధ్యాహ్నం మందులైపోయి, సాయంత్రం మందులు మొదలుకాక ముందు. రాత్రి వద్దు, వార్డులో నర్సు ఒక్కతే ఉంటుంది. అది కూడా నేను చెప్పిందే. ఏదైనా చెడితే పాత వెర్షన్‌కి వెనక్కి వచ్చేస్తారు. వెనక్కి రావడం కూడా రిహార్సల్ చేశారు. వెళ్ళారు, వెంటనే వచ్చారు, అంతా శుభ్రంగా ఉంది, పిచ్చుక సంతకం పెట్టింది.

వెంటనే వచ్చారు. అక్కడ ఆగాను.

కొత్త వెర్షన్‌లో నర్సు "ఇచ్చాను" అని నొక్కితే ఆ గుర్తు కొత్త చోట పడుతుంది. పాత వెర్షన్‌కి ఆ చోటు తెలియదు. అంటే, కొత్తది కాసేపు నడిచాక వెనక్కి వస్తే, మధ్యలో ఇచ్చిన మందులన్నీ పాత తెర మీద ఇంకా ఇవ్వనట్టే కనిపిస్తాయి. నర్సు తెరని నమ్ముతుంది. నమ్మమని నేర్పింది మనమే. మళ్ళీ ఇస్తుంది.

రిహార్సల్‌లో ఇది బయటపడలేదు. రిహార్సల్‌లో ఎవరూ ఎవరికీ మందు ఇవ్వలేదు కదా.

మళ్ళీ చదివాను. మళ్ళీ మళ్ళీ చదివాను. సందేహం లేదు.

చాలాకాలం తర్వాత ఇవాళ టీ రుచిగా ఉంది.

మార్చి 4

చెప్పాలి. చెప్పనని కాదు. కానీ నేనిప్పుడు సలహాదారుని. సలహా అడిగితే చెప్పేవాణ్ణి సలహాదారంటారు, అడక్కుండా చెప్పేవాణ్ణి వాగుడుకాయంటారు. అడగందే అమ్మైనా పెట్టదు. పైగా వెనక్కి వస్తేనే కదా ప్రమాదం. వాళ్ళ వెర్షన్ అంత గొప్పదైతే వెనక్కెందుకొస్తుంది?

సాయంత్రం అమ్మాయి వాళ్ళ స్టీలు డబ్బా ఇచ్చేద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. అల్లుడు ఇంకా రాలేదు. కాఫీ ఇచ్చింది.

"ఆయనకి నిద్ర లేదు నాన్నా. పక్క మీద కూర్చుని ఏదో లెక్కేసుకుంటారు. ఆదివారం బాగా జరుగుతుందా?"

"వెళ్ళేటప్పుడు అందరూ బాగానే వెళ్తారే. వెనక్కి తిరిగినప్పుడు చూడాలి."

"ఏం చూడాలి?"

"ఏం లేదు. చక్కెర తక్కువేశావ్."

నవ్వానేమో. నవ్వినట్టు గుర్తు. డబ్బా ఇవ్వడం మర్చిపోయి తిరిగి తెచ్చేసుకున్నాను.

మార్చి 5

ఎవరూ అడగలేదు.

మార్చి 6, గురువారం

నా బల్ల దగ్గర్నుంచి అద్దం తలుపులోంచి గుండ్రబల్ల కనిపిస్తుంది. మాటలు వినబడవు, పెదాలు కనబడతాయి. మేడం, సరే. బావ, సరే. పిచ్చుక, సరే. అల్లుడి పెదాలు కదలడానికి కాస్త సమయం పట్టింది. చివరికి కదిలాయి.

తర్వాత వాడు ప్రింటర్ దగ్గరికి వచ్చాడు. కాగితాలు తీసుకున్నాడు. వెళ్ళలేదు.

"మావయ్యా."

"ఊఁ."

"ఆదివారం ప్లాను ఒకసారి మీరు చూస్తారా? ఏదో వదిలేశాననిపిస్తోంది. అదేమిటో అంతుపట్టట్లేదు. కారణం లేకుండా ఆపమని మేడంకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"కళ్ళజోడు తేలేదు," అన్నాను.

వాడు నా చొక్కా జేబు వైపు చూశాడు. "సరేలెండి," అని వెళ్ళిపోయాడు. తర్వాత చూసుకుంటే కళ్ళజోడు కాడ జేబులోంచి బయటికే ఉంది.

ఇది అడగడం కిందికి రాదు. కాగితాల కోసం వచ్చినవాడు దారిలో ఒక మాట విసిరాడు. అడిగేవాడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. నేను నేర్పేటప్పుడు వాడు అలాగే కూర్చునేవాడు, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని.

మార్చి 7

ఎవరూ అడగలేదు.

మార్చి 8, శనివారం

పుస్తకం తెరిచాను. ఒక పేజీ దాటలేదు. కోట ముట్టడి గురించి. లోపలివాడే తలుపు గడియ తీస్తాడు, ఎప్పుడూ. ఎవడు రాశాడో గానీ బోరు కొట్టింది, మూసేశాను.

చెప్పకపోవడం ఎలాగో నాకు నేర్పింది వాళ్ళే. భోజనం పెడుతూ మరీ నేర్పారు.

వెనక్కి రారు. రావలసిన అవసరమే రాదు.

మార్చి 9, ఆదివారం

జరిగింది వరసగా రాస్తాను.

మధ్యాహ్నం ఇంట్లోనే ఉన్నాను. కిటికీ తుడిచాను. తుడిచిన కిటికీనే మళ్ళీ తుడిచాను. తర్వాత కళ్ళజోడు ఆఫీసులో మర్చిపోయానేమోననిపించి బయల్దేరాను. లిఫ్ట్ పనిచెయ్యట్లేదు, మెట్లెక్కాను.

గుండ్రబల్ల గది తలుపు బార్లా తెరిచి ఉంది. ఫోన్లు మోగుతున్నాయి. నన్ను ముందు చూసింది బావ.

"గురువుగారూ! ఆదివారం పూట మీరేంటిలా?"

"కళ్ళజోడు కోసం."

"ముక్కు మీదుందిగా!"

ఎవరూ నవ్వలేదు. కొత్త వెర్షన్ వెళ్ళింది. మొదట బాగానే నడిచిందట. సాయంత్రం మందుల వేళ అయ్యేసరికి అన్ని వార్డుల్లోనూ తెరలు నత్తనడక నడుస్తున్నాయి. నర్సు ఒక పేరు నొక్కి, తెర మారేదాకా నిలబడి ఎదురుచూస్తోంది. కొందరికి మందులు ఇచ్చేశారు, కొందరికి ఇస్తున్నారు.

"ఇస్తున్నారా? గుర్తు పెడుతున్నారా?" అన్నాను. గట్టిగా అనలేదేమో. ఎవరూ పలకలేదు.

మేడం చేతిలో ఫోను పక్కన పెట్టింది. "ఇక లాభం లేదు. పాతదానికి వెళ్ళిపోదాం. అందరూ చెప్పండి, త్వరగా. బావా?"

"సరే."

నేను గుమ్మంలో ఉన్నాను. మెట్లెక్కిన ఆయాసం తగ్గలేదు. మాట రాకపోవడం ఆ ఆయాసం వల్లే.

"నువ్వు?"

పిచ్చుక గోళ్ళు కొరుకుతోంది. దాని కళ్ళు అల్లుడి మొహం మీద, తర్వాత తెర మీద, తర్వాత బల్ల మీద. ఏదో తోస్తోంది దానికి. చూస్తే తెలిసిపోతోంది. చెప్పు, చెప్పవే, అనుకున్నాను. ఆ పిల్ల చెప్పేస్తే నేను చెప్పనక్కర్లేదు.

"కారణమేమైనా ఉంటే చెప్పు," అంది మేడం.

"లేదు మేడం. సరే."

మిగిలింది అల్లుడు. కీబోర్డు ముందు కూర్చున్నాడు. వెనక్కి తెచ్చే ఆదేశం అప్పటికే టైపు చేసి ఉంది. నొక్కడమే తరువాయి. చొక్కా వీపంతా తడిసి ఉంది. వాడు "స" అన్నాడు. ఆ అక్షరం విన్నాను.

"ఆగండి!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"మళ్ళీనా?" మేడం లేచింది. "ఇది మీ ఆటలకి వేళ కాదండీ. కారణం చెప్పండి. చెప్పలేకపోతే బయటికి వెళ్ళండి."

చెప్పాను. సగం మాటల్లోనే అల్లుడి చెయ్యి కీబోర్డు మీంచి లేచింది. వాడు పిచ్చుక వైపు తిరిగి, "ఇప్పటిదాకా ఎన్ని గుర్తులు పడ్డాయో కొత్త చోట చూడు," అన్నాడు. పిచ్చుక చూసింది.

"చాలా ఉన్నాయి సార్. ఇవన్నీ... పాత తెర మీద..."

"ఇవ్వనట్టే కనబడతాయి," అన్నాను.

ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత వాడు పనిచేసిన తీరు చూశాను. అరవలేదు, పరిగెత్తలేదు. "వెనక్కి వెళ్ళం. మందుకి మందు పడదని చూసే హెచ్చరిక ఉందే, అది ప్రతి రోగి పాత రికార్డునీ తిరగేస్తోంది. బరువంతా అక్కడే. ఈ పూటకి దాన్ని ఆపేద్దాం. బావా, ఎంతసేపు?"

"నువ్వు ఊఁ అంటే ఇప్పుడే."

"ఊఁ. మేడం, వార్డులకి మీరే చెప్పండి, ఈ పూట హెచ్చరిక ఉండదు, కళ్ళతో చూసుకోమనండి."

మెల్లగా తెరలు కదిలాయి. ఫోన్లు ఒక్కొక్కటీ ఆగాయి. నేను నేర్పినట్టే చేశాడు. నేర్పనివి కూడా చేశాడు.

చివర్లో కుర్చీ నా వైపు తిప్పాడు.

"మావయ్యా, ఇది మీరెప్పుడు చూశారు?"

"ఇప్పుడే. మెట్లెక్కుతుంటే తట్టింది."

వాడు లేచి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. తడిగా ఉన్నాయి.

మార్చి 10, సోమవారం

నా బల్ల కిటికీ దగ్గరికి వచ్చింది. నేను అడగలేదు.

మేడం అందర్నీ నిలబెట్టి నా గురించి మాట్లాడింది. అనుభవం, చూపు, కంపెనీ అదృష్టం, అలాంటివేవో. నా పాత రూల్ ఇవాళ్టినుంచి మళ్ళీ అమల్లోకి వస్తుందంది. చప్పట్లు కొట్టారు. ప్రింటర్ పక్కన ఎవరూ లేక అదొక్కటే మూలుగుతోంది.

నేను కోరుకున్నవన్నీ వచ్చాయి. లెక్కప్రకారం సంతోషంగా ఉండాలి.

పిచ్చుక నా దగ్గరికొచ్చి నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"సార్, రిహార్సల్ చేసింది నేనే. సంతకం పెట్టింది నేనే. మీరు రాకపోయుంటే..."

"అలాంటివి జరుగుతుంటాయమ్మా."

"ఆ పూట నాకేదో అనిపించింది కూడా సార్. కారణం లేదని ఊరుకున్నాను. ఈ పనికి నేను పనికిరాననిపిస్తోంది."

ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

మార్చి 11

అమ్మాయి వచ్చింది. డబ్బా కోసమంది. వంటింట్లోకెళ్ళి డబ్బా తీసుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

"ఆదివారం మెట్లెక్కుతుంటే తట్టిందన్నావట."

"అవును."

"పోయిన మంగళవారం మా ఇంట్లో కాఫీ తాగుతూ, వెనక్కి తిరిగినప్పుడు చూడాలన్నావు. నవ్వావు కూడా."

"మాటవరసకి అన్నానే."

"నాన్నా, నీ మాటవరస నాకు తెలీదా?" డబ్బా మూత తీసి, మళ్ళీ బిగించింది. "ఆయనకి చెప్పలేదు. చెప్పను. నిన్న వచ్చి, మావయ్య లేకపోతే ఎవరికి ఏమయ్యేదో అని ఏడ్చారు. ఆ ఏడుపు చెడగొట్టడం నాకిష్టం లేదు. కానీ నాకు తెలుసన్న సంగతి నీకు తెలియాలి, అంతే."

"మీరు నాకు చెప్పారా ఆ రోజు? వారం రోజులు కడుపులో పెట్టుకుని..."

"నీ మొహం చూస్తే మాకు నోరు పెగల్లేదు. పిరికితనమే. ఒప్పుకుంటాను. కానీ మేం దాచింది నీ కుర్చీ సంగతి నాన్నా. నువ్వు దాచింది?"

వెళ్ళిపోయింది. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే.

మార్చి 12

రేపు సమీక్ష. ఏ రిలీజ్ తడబడినా తర్వాత అందరం కూర్చుని, ఎవరికి ఏది ఎప్పుడు తెలిసిందో వరసగా చెప్పుకుంటాం. నేరం మోపడం ఉండదు, నిజం మాత్రం చెప్పాలి. ఇదీ నేను పెట్టిందే. ఎంత తెలివైనవాణ్ణో! ఎన్ని ఉచ్చులు అల్లుకున్నానో!

ఆదివారమని చెప్తాను. చెప్పేసిన మాటే కదా.

మార్చి 13, గురువారం

అల్లుడు సమీక్ష నడిపాడు. ఒక్కొక్కరూ చెప్పాక, "తర్వాత?" అంటాడు. ఎవరేం చెప్పినా అదే మాట, అదే గొంతు. అలా అనాలని నేనే నేర్పాను. బావ చెప్పాడు. తర్వాత? మేడం చెప్పింది. తర్వాత?

పిచ్చుక లేచి నిలబడింది. కూర్చునే చెప్పొచ్చు.

"తప్పు నాదే సార్. రిహార్సల్‌లో మందులిచ్చినట్టు గుర్తులు పెట్టి చూడాల్సింది. అసలు నాకది తట్టనే లేదు. వారం నుంచీ కాగితాలన్నీ అక్కడే ఉన్నాయి. ఎవరైనా చదివితే తెలిసేది. నేను చదవలేదు." చేతిలో ఒక కవరుంది. దాన్లో ఏముందో గదిలో అందరికీ అర్థమైంది. "నా బదులు వేరేవాళ్ళని..."

"కూర్చో అమ్మా," అన్నాను. "నా వంతు రానీ."

అల్లుడు నా వైపు తిరిగాడు. "చెప్పండి మావయ్యా. లోపం మీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"ఆదివారం అన్నారు కదా..."

"రిలీజ్‌కి ముందు సోమవారం. ప్రింటర్ దగ్గర చదివాను. గురువారం నువ్వొచ్చి అడిగేసరికి నాకు పూర్తిగా తెలుసు. కళ్ళజోడు జేబులోనే ఉంది."

బావ చేతిలో టీ కప్పు బల్లకీ నోటికీ మధ్య ఉండిపోయింది. మేడం తల వంచుకుంది. పిచ్చుక కవరు వైపు చూసింది, నా వైపు చూసింది, మెల్లగా కూర్చుంది.

నేను సిద్ధంగా ఉన్నాను. ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో పేజీలకి పేజీలు రాసుకున్నాను. కుర్చీ గురించి, ఆ వారం భోజనాల గురించి, ప్రింటర్ గురించి. అడగాలి. అడిగితే నెల రోజులుగా కడుపులో ఉన్నదంతా కక్కేస్తాను. అల్లుడి పెదాలు కదలడం చూస్తున్నాను.

"తర్వాత?" అన్నాడు.

అదే గొంతు. పెన్ను పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి.

ఎవరూ అడగలేదు. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. సమీక్ష ముగిసింది, కుర్చీలు జరిపారు, దీపాలార్పారు. పిచ్చుక నా పక్కనుంచి వెళ్తూ కవరు రెండుగా మడిచి సంచిలో పెట్టుకుంది. మేడం, "రేపు ఒకసారి నా గదికి రండి," అంది, ఎప్పటిలా చివర అండీ తగిలించకుండా.

నేను గదిలోనే ఉండిపోయాను. అల్లుడు తలుపు దగ్గర ఆగాడు, నా వైపు తిరగలేదు.

"మీ అమ్మాయి భోజనానికి రమ్మంది. పొద్దున్నే చెప్పింది. రండి."

దారి పొడుగునా వాడు నా నడకకి తగ్గట్టు మెల్లగా నడిచాడు, అంతే.

ఇంట్లో వాడు తినలేదు. చెయ్యి కడుక్కుని లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. గడియ పెట్టిన చప్పుడు రాలేదు. అమ్మాయి నాకు వడ్డించింది. తలుపు వైపు చూసింది. నా వైపు చూసింది.

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

"ఎందుకు చేశావు నాన్నా?"

అడిగింది. అంతమందిలో ఇది ఒక్కతే అడిగింది. నేను అన్నం కలుపుతూ వెతికాను. ఈ డైరీలో రాసుకున్న కారణాలన్నీ ఒక్కొక్కటీ తీసి చూశాను. ఒక్కటీ ఆ కంచం ముందు నిలబడలేదు.

"కాసిని మంచినీళ్ళివ్వమ్మా," అన్నాను.

ఇచ్చింది. తాగాను. గ్లాసు కింద పెట్టాను. అది ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.